తూర్పు ఇండ్లు, పడమటి కొలువులు: ఇంటినుండి పనిచేయుటపై ఒక సమీక్ష

1998 నవంబరు 22వ తేదీన మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలుగా హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ కొలువులు ప్రధానముగా పడమటి దిక్కుననే పెరిగి, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడల వరకు అల్లుకొనిపోయినవి. ఆ కొలువులు చేయువారిలో ఎందరో మాత్రము నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, విజయవాడల రహదారి నగరములోనికి ప్రవేశించు తూర్పు వాకిటనే, అనగా హయత్‌నగరు మొదలు వనస్థలిపురము, ఎల్బీనగరు, కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరుల వరకు, కాపురములు పెట్టిరి. సొంతవూరికి పోవు బస్సు దగ్గరలోనే దొరకుట, అద్దె పడమటి దిక్కుకంటె తక్కువగుట, తండ్రి ప్రభుత్వోద్యోగము చేయు దినములలో అప్పుచేసి కట్టిన ఇల్లు వనస్థలిపురములోనో బి.ఎన్. రెడ్డి నగరులోనో ఉండుట, ఇవి అందులకు కారణములు. ఇంటినుండి పనిచేయుట వలన ఉత్పాదకత పెరుగునా, తరుగునా, ఆర్థిక వ్యవస్థకు అది మేలా, కీడా అని 2020 నుండి లోకమంతటను సాగుచున్న చర్చను పడమటి భవనముల పై అంతస్తులనుండి గాక ఈ తూర్పు వాకిటినుండి చూచినచో, ప్రశ్నయే కొంత వేరుగా కనబడును. పని ఎచ్చట జరుగవలెనను దానికంటె, ఆ పనికై పోయి వచ్చుటలో వ్యయమగు కాలమును ఎవరు భరించుచున్నారు, అది మిగిలినపుడు ఎవరికి దక్కుచున్నది అను ప్రశ్నయే ముఖ్యమని నా నిశ్చితాభిప్రాయము.

ఎల్బీనగరునుండి అమీర్‌పేటకు 16 కిలోమీటర్ల మెట్రో మార్గము 2018 సెప్టెంబరు 24న తెరువబడినది. హైటెక్ సిటీ వరకు 2019 మార్చిలోను, రాయదుర్గము వరకు ఆ యేడు నవంబరులోను రైలు పోయినది. అంతకుముందు మలక్‌పేట, కోఠీల మీదుగా సిటీ బస్సులో వ్రేలాడుచు పోయినవారికి ఇది నిజముగా వరమే. ఎల్బీనగరు ఆ మార్గమునకు కొస స్టేషను గనుక ఉదయము అచ్చట ఎక్కినవారికి కూర్చుండ చోటు దొరకును. దిల్‌సుఖ్‌నగరు వచ్చుసరికి నిలుచుండుటకే వెదకుకొనవలెను. అమీర్‌పేటలో దిగి, అంతస్తు మారి, రాయదుర్గము రైలు ఎక్కునప్పటి త్రోపులాటలో వీపున నున్న ల్యాప్‌టాప్ సంచి పొట్టమీదికి వచ్చును. రాయదుర్గములో దిగిన పిమ్మటను ప్రయాణము ముగియదు. షేరు ఆటోయో, కంపెనీవారి షటిల్ బస్సో, కాలినడకయో ఇంకను కలదు. గడప దాటినది మొదలు ఆఫీసులో కుర్చీ చేరువరకు లెక్కించినచో, రాకపోకలకు దినమునకు రెండున్నర గంటలకు తక్కువ పట్టుట అరుదు. నెలకు 22 పనిదినములైనచో 55 గంటలు. అనగా వారము దినముల పనికి మించిన కాలము. ఈ 55 గంటలకు జీతము లేదు. ఏ కంపెనీ జమాఖర్చులలోను అవి వ్యయముగా కనబడవు. ఉత్పాదకతను గణించువారు ఆఫీసు తలుపు తెరచిన క్షణమునుండియే గణింతురు గనుక, వారి లెక్కలలోను కనబడవు. 27 దేశములలో ఆర్థికవేత్తలు జరిపిన యొక పరిశీలనలో, ఇంటినుండి పనిచేసినపుడు ప్రయాణము తప్పుట వలన మిగిలిన కాలము సగటున దినమునకు 72 నిమిషములుగాను, భారతదేశమున 99 నిమిషములుగాను తేలినది. ఆ మిగులులో నూటికి 40 పాళ్ళు మరల ఉద్యోగపు పనులకే చేరినవనియు, మూడవ వంతు విశ్రాంతికిని, 11 పాళ్ళు పిల్లల యొక్కయు పెద్దల యొక్కయు సంరక్షణకును పోయినవనియు ఆ పరిశోధకులు చెప్పిరి. ప్రయాణము తప్పినందువలన లాభపడినవాడు ఉద్యోగి యొక్కడే కాడు, యజమానియు లాభపడినాడని దీనివలన స్పష్టమగుచున్నది. ఇంటినుండి పనిచేయుటకు అనుమతినిచ్చుట యజమాని చూపు దయ యన్నట్లు మాటలాడువారు ఈ 40 పాళ్ళను జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఈ పద్ధతి మన నగరమునకు ఆలోచనపూర్వకముగా వచ్చినది కాదు. 1973లో చమురు కొరత ఏర్పడిన కాలముననే అమెరికాలో జాక్ నిలెస్ అను శాస్త్రజ్ఞుడు, పనివానిని పనివద్దకు చేర్చుటకు మారుగా పనినే పనివానివద్దకు తంతిమార్గమున చేర్చవచ్చునని ప్రతిపాదించెను. మన దేశమున కాల్ సెంటర్లకు, అట్టి సేవలకు వర్తించు టెలికాం నిబంధనలు మాత్రము చిరకాలము అందుకు అడ్డుగా నుండి, 2020 మార్చిలో తాత్కాలికముగాను, ఆ నవంబరులో శాశ్వతముగాను సడలింపబడినవి. అనగా అర్ధ శతాబ్దపు ఆలోచన యొక మహమ్మారి తరుముకొని రాగా పది దినములలో ఆచరణమునకు వచ్చినది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ ఆరంభమగుచుండగానే, నగరములోని హాస్టళ్ళను ఖాళీ చేయుమని యజమానులు ఒత్తిడి పెట్టుటచే వేలకొలది విద్యార్థులును, చిన్న ఉద్యోగులును పోలీసు స్టేషన్ల యెదుట పాసుల కొరకు బారులు తీరిరి. పాసులు చేతబట్టుకొని విజయవాడ రహదారిని పోయినవారు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు వద్ద గంటల తరబడి నిలిచిపోయిరి. ఖాళీ చేయింపరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించునప్పటికి ఎందరో దారిలో నుండిరి. ఆ వెళ్ళినవారిలో చాలమంది సొంతవూళ్ళలోని ఇండ్ల వసారాలలో, మేడలమీద, సిగ్నలు అందుచోట కూర్చుండి పని సాగించిరి.

ఇట్లు ఇండ్లనుండి పని సాగిన రెండేండ్లలో తెలంగాణ సాఫ్ట్‌వేర్ ఎగుమతులు ఏమైనవో చూతము. ఈ ప్రశ్నపై మన యింటిలెక్క కంటె మించిన సాక్ష్యము లేదు. రాష్ట్ర ప్రభుత్వము వార్షిక నివేదికలలో ప్రకటించిన లెక్కల ప్రకారము 2019-20లో ఎగుమతులు 1,28,807 కోట్ల రూపాయలు, ఉద్యోగులు 5.82 లక్షలు, 2020-21లో 1,45,522 కోట్లు, 6.28 లక్షలు, 2021-22లో 1,83,569 కోట్లు, 7.78 లక్షలు. ఆఫీసులు తాళములు వేసియుండగా ఎగుమతులు మొదట నూటికి 13 పాళ్ళును, పిదప 26 పాళ్ళును పెరిగినవి. దీనిని చూచి ఇంటిపట్టున చేసిన పనియే మేలైనదని విజయఘోషము చేసినవారు కలరు. అయితే తలసరి లెక్క వేసిచూడవలెను. ఒక్కొక్క ఉద్యోగికి వచ్చు మొత్తము మొదటి యేడు సుమారు 22 లక్షల 13 వేలు, తరువాత 23 లక్షల 17 వేలు, ఆ తరువాత 23 లక్షల 60 వేలు. ఆ కాలముననే డాలరు విలువ సగటున 71 రూపాయలనుండి 74 పైచిలుకునకు పెరిగినది గనుక, దానిని మినహాయించినచో మూడేండ్లును తలసరి ఎగుమతి 31 వేల డాలర్ల చుట్టుప్రక్కలనే కదలక నిలిచినది. ఉత్పాదకత పెరుగనూ లేదు, తరుగనూ లేదు. పెరిగినది మనుష్యుల సంఖ్య. ప్రపంచమంతయు ఇండ్లలో కూర్చుండి కంప్యూటర్లపై ఆధారపడుటచే గిరాకి పెరిగినది, గిరాకికి తగినట్లు నియామకములు పెరిగినవి. ఆఫీసు లేనిదే పని కూలిపోవునన్నవారి వాదమును ఇల్లుండిన చాలు పని వికసించునన్నవారి వాదమును ఈ లెక్క సమానముగా త్రోసిపుచ్చుచున్నది.

సగటు నిలకడగా నున్నంతమాత్రమున అందరి అనుభవమును ఒక్కటే యని తలపరాదు. సగటు వెనుక దాగిన భేదములను పరిశోధకులు చక్కగా వెలికి తీసిరి. 2010వ సంవత్సరాంతమున షాంఘైలో సీ-ట్రిప్ అను ప్రయాణ సంస్థ తన కాల్ సెంటరు ఉద్యోగులలో ఇష్టపడినవారిని, పుట్టినతేదీ సరిసంఖ్యయైనచో ఇంటికి, బేసిసంఖ్యయైనచో ఆఫీసుకు పంపి, తొమ్మిది మాసములు పరీక్షించినది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2015లో ప్రకటించిన ఫలితము ప్రకారము ఇంటివారి పని నూటికి 13 పాళ్ళు పెరిగినది. అందు 9 పాళ్ళు విరామములును అనారోగ్యపు సెలవులును తగ్గుట వలన వచ్చినవే. ఈ 13 పాళ్ళను ఉదహరించువారు ఆ పరీక్షకు ముందు పెట్టిన షరతును సాధారణముగా ఉదహరింపరు: ఇంట ప్రత్యేకముగా ఒక గది యున్నవారినే దానికి ఎన్నుకొనిరి. పైగా వారు వారమున ఒక దినము ఆఫీసునకు పోయి వచ్చుచుండిరి. ఇక ఆసియాలోని ఒక పెద్ద ఐటీ సేవల సంస్థలో పదివేలమందికి పైబడిన నిపుణుల కంప్యూటర్ల లెక్కలను మైకేల్ గిబ్స్ ప్రభృతులు పరిశీలించి, మహమ్మారి కాలమున పనిగంటలు పెరిగినవనియు, పని మాత్రము పెరుగలేదనియు, గంటకు లెక్కించినచో ఉత్పాదకత 8 నుండి 19 పాళ్ళు తగ్గినదనియు తేల్చిరి. సమావేశములు పెరిగి, ఏకాగ్రతతో కూర్చుండు కాలము తగ్గినది. ఇంట పిల్లలున్నవారికి నష్టము ఎక్కువ. ఆ అదనపు గంటలు ఎచ్చటినుండి వచ్చినవో తూర్పు హైదరాబాదు వాసికి వేరుగా చెప్పనక్కరలేదు. మెట్రోలో పోవలసిన గంటలే అవి. కంపెనీ తరుగును ఉద్యోగి తన మిగులుతో పూడ్చినాడు.

మనకు పొరుగుననే, చెన్నైలో డేటా ఎంట్రీ పనివారిపై డేవిడ్ ఆట్కిన్, ఆంటోయినెట్ షోర్, సుమిత్ షిండేలు జరిపిన పరీక్ష మరింత ఆలోచింపదగినది. అచ్చట ఇంటినుండి చేసిన పని ఆఫీసుకంటె 18 పాళ్ళు తక్కువగా తేలినది. మూడింట రెండు వంతుల తేడా మొదటి దినముననే కనబడగా, మిగిలినది ఆఫీసులోనివారు త్వరగా నేర్చుకొనుట వలన కాలక్రమమున ఏర్పడినది. విచిత్రమేమనగా, ఇంటినుండియే చేయుదుమని కోరుకొన్నవారికి ఇంట తరుగు 27 పాళ్ళు. ఆఫీసును కోరుకొన్నవారికి 13 పాళ్ళే. ఎవరికి ఇంట పని సాగదో వారే ఇంటిని కోరుకొనుట అవివేకము కాదు. పసిబిడ్డయో, మంచముపట్టిన అత్తగారో ఉన్న యిల్లాలికి అది కోరిక గాదు, గత్యంతరము లేకపోవుట. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము మన దేశమున ఇంటి పనులు చేయు స్త్రీలు అందుకు దినమునకు 289 నిమిషములు వెచ్చించుచుండగా, అవే పనులు చేయు పురుషులు 88 నిమిషములు వెచ్చించుచున్నారు. కొత్తపేటలోని రెండు గదుల వాటాలో భోజనపు బల్లపై ల్యాప్‌టాప్ తెరచి, కుక్కరు కూతకు మైకు ఆపుచు, బడినుండి వచ్చిన బిడ్డకు సైగలతో సమాధానము చెప్పుచు సాయంకాలపు కాల్ ముగించు ఉద్యోగినికి, ఇల్లు ఆఫీసైనదనుటకంటె ఆఫీసు వచ్చి ఇంటి పనిమీద కూర్చున్నదనుట న్యాయము. ఆమెను ఇంటనే యుంచి మేలుచేసితిమని సంతసించుటకును, వారమున ఐదు దినములు రాయదుర్గమునకు రమ్మని ఆజ్ఞాపించుటకును మధ్యనొక మార్గముండక తప్పదు.

కొత్తగా ఉద్యోగమున చేరినవారి స్థితి దీనికంటె దయనీయము. చైతన్యపురి, గడ్డిఅన్నారము వీధులలోని హాస్టళ్ళలో బ్యాంకు పరీక్షలకు, గ్రూపులకు చదువువారితోపాటు, ఇటీవలనే సాఫ్ట్‌వేర్ కొలువు దొరకిన పిల్లలును ఉందురు. మూడు మంచములు, మూడు ఇనుప బీరువాలు, రెండు ప్లగ్గులున్న ఒక స్విచ్చిబోర్డు, కిటికీ తెరచిన ప్రక్కమేడ గోడ; ఇదియే గది. ఒకడు నిద్రించుచుండగా, ఇంకొకడు కరెంట్ అఫైర్స్ వల్లెవేయుచుండగా, మూడవవాడు దిండుపై ల్యాప్‌టాప్ పెట్టుకొని ఎదుట కనబడని సీనియరునకు సందేహమును టైపుచేసి, జవాబు కొరకు నిరీక్షించుచుండును. షాంఘై పరీక్షలో ఇతనికి ప్రవేశమే లేదు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లపై జరిగిన యొక పరిశోధనలో, జట్టువారితో ఒకే భవనమున కూర్చున్నవారికి తమ పనిపై లభించిన దిద్దుబాట్లు, సలహాలు సుమారు ఐదవ వంతు ఎక్కువగా నుండెననియు, అందువలన లాభపడినవారు చిన్నవారే ననియు, నేర్పు పెద్దవారి స్వంత పని మాత్రము కొంత వెనుకబడెననియు తేలినది. పని నేర్పుట పెద్దవారికి నష్టమే. ఆ నష్టమును భరించుటయే విద్యాదానము. మగ్గము గుంటలో తండ్రి ప్రక్కన కూర్చుండి నేత నేర్చినట్లు, ప్రోగ్రాము వ్రాయుటయు ప్రక్కన కూర్చుండియే నేర్చుకొనవలసిన విద్య. మొదటి రెండేండ్ల ఉద్యోగికి పూర్తిగా ఇంటినుండి పని యిచ్చుట అతనికి ఉపకారము కాదని నేను గట్టిగా నమ్ముదును.

స్థానిక వ్యాపారముల మాటకు వచ్చినచో, పైవారికి కనబడని చిన్న ఆర్థిక వ్యవస్థ యొకటి దిల్‌సుఖ్‌నగరులో కలదు. హాస్టలు నడుపు మేడ యజమాని, మెస్సు వంటమనిషి, రోడ్డు ప్రక్కన ఇడ్లీబండి, సాయంకాలము పప్పు, వేపుడు, సాంబారు పొట్లములు కట్టి యమ్ము కర్రీ పాయింటు, జిరాక్సు దుకాణము, టు-లెట్ బోర్డులు చూపి కమీషను తీసికొను బ్రోకరు, వీరందరును వచ్చిపోవు యువకులపై బ్రతుకువారే. 2020లో ఊళ్ళకు పోయినవారి వెంట వీరి ఆదాయమును పోయినది. కంపెనీల క్యాబులు నడిపినవారు బండి వాయిదాలు కట్టలేక బండ్లను అప్పగించుకొనిరి. పిమ్మట ఉద్యోగులు తిరిగివచ్చి ఇండ్లనుండి పనిచేయు దినములలో, మధ్యాహ్నము మాదాపూరులో ఖర్చు కావలసిన భోజనపు డబ్బు కొంత కొత్తపేట కర్రీ పాయింటునకే మిగిలినది. అమెరికా మహానగరములలో నడిబొడ్డున అద్దెలు పడిపోయి శివార్లలో పెరుగుటను బ్లూమ్, అర్జున్ రమణి అను ఆర్థికవేత్తలు ‘డోనట్’ పరిణామమని వర్ణించిరి గాని, మన నగరమున అది పూర్తిగా అన్వయింపదు. పడమట భవనములు కట్టుట ఆగలేదు, తూర్పున కొలువులు వచ్చి చేరనూ లేదు. నష్టము స్పష్టముగా తగిలినది మెట్రోకు. 2020 మార్చి 22న ఆగిన రైళ్ళు సెప్టెంబరు 7న ఎల్బీనగరు–మియాపూరు మార్గమున మరల కదలునాటికి, ఒకప్పటి దినమునకు నాలుగు లక్షల ప్రయాణికులు కానరాలేదు. 2023లో ఐదు లక్షలు దాటిన దినములు వచ్చినను అప్పటి అప్పులు తీరలేదు; 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వమే ఆ భారమును స్వీకరించుటకు ఒప్పందము కుదిరినది. ఇంటినుండి పనిచేసినవాడు మిగుల్చుకొన్న టికెట్టు డబ్బు ఆ విధముగా కొంత ప్రజలందరి లెక్కలోనికి వచ్చినది.

కంపెనీల నిర్ణయములను గూర్చి విస్తరింప నక్కరలేదు. 2020లో, 2025 నాటికి తమ సిబ్బందిలో నాల్గవ వంతు మాత్రమే ఒక సమయమున ఆఫీసులో నుండిన చాలునని ప్రకటించిన టీసీఎస్, 2023 అక్టోబరునుండి ఐదు దినములును రమ్మన్నది. హాజరుకును వేరియబుల్ పేకును ముడిపెట్టినది. ఇన్ఫోసిస్ నెలకు పది దినములను పద్ధతిని తెచ్చినది. ప్రత్యేక ఆర్థిక మండలములలో సగముమంది ఉద్యోగులవరకు ఒక సంవత్సరము ఇంటినుండి పనిచేయవచ్చునని కేంద్రము 2022 జులైలో నియమము చేసినది. ఈ మధ్యేమార్గమునకు బలమైన ఆధారము 2024లో ‘నేచర్’ పత్రికలో వెలువడినది: పైన చెప్పిన సీ-ట్రిప్ సంస్థయే 1,612 మందిపై జరిపిన పరీక్షలో, వారమున రెండు దినములు ఇంటినుండి పనిచేసినవారిలో ఉద్యోగము మానువారు మూడవ వంతు తగ్గిరి, రెండేండ్లు గమనించినను పనితీరులోగాని పదోన్నతిలోగాని తేడా కనబడలేదు. మానుట తగ్గినది ముఖ్యముగా ఎవరిలో ననగా, స్త్రీలలోను, అధికారులు గానివారిలోను, దూరమునుండి వచ్చువారిలోను. ఆ మూడవ వర్గమును చదివినపుడు నాకు ఎల్బీనగరు స్టేషనే కన్నులకు కట్టినది.

ఇంటినే ఆఫీసు చేయునపుడు ఆఫీసు బాధ్యతలును ఇంటికి వచ్చునను సంగతి యొకటి మిగిలియున్నది. 2020 అక్టోబరు 13న కుంభవృష్టి కురిసి సరూర్‌నగరు చెరువు క్రింది కాలనీలు మునిగినపుడు, జనరేటరు గల భవనము పడమటను, నీటిలో నిలిచిన స్విచ్చిబోర్డు తూర్పునను ఉండెను. 2025 ఆగస్టులో రామంతాపూరులో కృష్ణాష్టమి రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మృతిచెందిన పిమ్మట, విద్యుచ్ఛాఖవారు స్తంభములపై వ్రేలాడు కేబుళ్ళను నగరమంతటను తెగగోయగా, ఇండ్లలో ఇంటర్నెట్టు ఆగిపోయి, వివాదము హైకోర్టువరకు పోయినది. ప్రాణములు తీయు తీగలను తొలగింపవలసినదే. ఎన్నో ఇండ్ల జీవనము ఆ తీగలపైననే నడుచుచున్నదనుటయు అంతే సత్యము. ఇంటినుండి పని యిచ్చు కంపెనీ ఇన్వర్టరుకును ఇంటర్నెట్టునకును సొమ్ము చెల్లించుట, నగరపాలకులు తీగలను భూగర్భమునకు దింపుట, ఈ రెండును ఉపకారములుగా గాక విధులుగా ఎంచబడవలెను.

కొలువులనే తూర్పునకు తెచ్చు మార్గమును ప్రభుత్వము కనుగొనలేదని చెప్పరాదు. నగరమునకు అన్ని దిక్కులను ఐటీ విస్తరింపవలెనని 2020లో ‘గ్రిడ్’ విధానము వచ్చినది. ఉప్పల్‌లో పారిశ్రామిక స్థలములను ఐటీ పార్కులుగా మార్చుకొన అనుమతులు లభించినవి. పోచారములో ఇన్ఫోసిస్, ఆదిభట్లలో టీసీఎస్ ఆవరణములు కలవు. 2023లో మలక్‌పేటలో ఐటీ టవరుకు శంకుస్థాపన జరిగినది. కాని ఆదిభట్లలో భవనమున్నంతమాత్రమున వనస్థలిపురపు ఉద్యోగికి అచ్చట స్థానము దొరకదు. ఏ ప్రాజెక్టు ఎచ్చట నున్నదో అచ్చటికే అతడు పోవలెను. కంపెనీ పేరున గాక ఇంటి దూరమును బట్టి కూర్చుండ చోటు నిచ్చు సమష్టి కార్యాలయములు కావలెను. పొరుగున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025లో మహిళల కొరకు ఇంటినుండి పనిని, ఇంటిచెంతనే పనిచేయు కేంద్రములను ప్రోత్సహింతునని ప్రకటించినది. దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్బీనగరు వరకు మెట్రో స్తంభముల ప్రక్కన పై అంతస్తులు ఖాళీగా నున్న వాణిజ్య భవనములు కొన్ని కలవు. వారమున రెండు దినములు, జట్టంతయు కలిసివచ్చు దినములను ముందుగా నిర్ణయించి, పడమటి ఆఫీసునకు పిలిచి, మిగిలిన మూడు దినములకు ఇట్టి చోట్లను కంపెనీలు ఉమ్మడిగా అద్దెకు తీసికొనినచో, ప్రత్యేకముగా గది లేని ఇల్లాలికి ఒక బల్లయు, హాస్టలు కుర్రవానికి ప్రక్కన కూర్చుండి నేర్పు ఒక పెద్దయు, కర్రీ పాయింటునకు మధ్యాహ్నపు బేరమును లభించును. మలక్‌పేట టవరు లేచువరకు అందుకై వేచియుండ నక్కరలేదు.